అట్టకు ఆవల చెయ్యి

పిల్లలూ! ప్రయోగం అనగానే మీకు ఏమి గుర్తుకు వస్తుంది? గాజు గొట్టాలు, స్పిరిటు దీపం, మైలతుత్తం, నిమ్మకాయలో గుచ్చిన రాగి తీగ, అంతే గదా? బడిలో వైజ్ఞానిక ప్రదర్శన పెట్టినప్పుడల్లా అగ్నిపర్వతం చేసి తెచ్చేవాడు ఒకడైనా ఉండి తీరుతాడు. అది బుసబుసా పొంగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. పొంగుతుందని చేసేవాడికీ తెలుసు, చూసేవారికీ తెలుసు. చూడటానికి వేడుకగానే ఉంటుంది. అయితే ఏమి జరుగుతుందో ముందుగా తెలియకుండా చేసేదే అసలైన ప్రయోగం.

అటువంటి ప్రయోగానికి కావలసిన వస్తువు ప్రతి ఇంట్లోనూ ఉన్నది. అది మనిషి! మనిషి ఎట్లా చూస్తాడు, ఎట్లా గుర్తు పెట్టుకుంటాడు, ఎందుకు పొరపడతాడు అని పరిశోధించేదే మనస్తత్వ శాస్త్రం. ఖర్చు తక్కువే గాని, ఇందులో ఒక చిక్కున్నది. తనమీద ప్రయోగం జరుగుతున్నదని రాగి తీగకు తెలియదు, మనిషికి తెలుసు. మనం ఏ జవాబు కోరుతున్నామో మన ముఖం చూసి పసిగట్టేస్తాడు. ఒకడు మనను సంతోషపెట్టాలని చూస్తాడు, ఇంకొకడు కావాలనే తిరగబడతాడు. ప్రయోగం చేసేవారు సంగతి ఏమిటంటే, తాము అనుకున్నదే కళ్లకు కనపడుతుంది. ఈ చిక్కులను తప్పించుకోవటంలోనే తెలివంతా ఉన్నది. అందులో ఒక చిన్న పిల్ల ఎంత తెలివి చూపిందో చెబుతాను, వినండి.

అమెరికా దేశంలో కొలరాడో అనే రాష్ట్రం ఉన్నది. అక్కడ ఎమిలీ రోసా అనే అమ్మాయి నాలుగవ తరగతి చదువుతూ ఉండేది. ఆ రోజులలో అమెరికా ఆసుపత్రులలో కొందరు నర్సులు ఒక కొత్త చికిత్స చేస్తూ ఉండేవారు. దాన్ని 1970 తరువాత డోలోరెస్ క్రీగర్ అనే నర్సింగు ఆచార్యురాలు, డోరా కుంజ్ అనే ఆవిడ కలిసి ప్రచారంలోకి తెచ్చారు. పేరు "స్పర్శ చికిత్స" అని అర్థం వచ్చేట్టుగా ఉంటుంది గాని, నిజానికి రోగిని తాకనే తాకరు! రోగి శరీరానికి కొన్ని అంగుళాల ఎత్తున చేతులు ఆడిస్తారు. మనిషి చుట్టూ ఒక శక్తి ఆవరించి ఉంటుందనీ, అది తమ అరచేతులకు తెలుస్తుందనీ, అందులో ఎక్కడ లోపం ఉంటే అక్కడ సవరించి జబ్బు నయం చేస్తామనీ వారు చెప్పేవారు.

ఎమిలీ తల్లి కూడా నర్సే. ఆమెకు ఈ చికిత్సమీద నమ్మకం లేదు. ఒకనాడు ఇంట్లో ఆ చికిత్సను గురించిన వీడియో ఆడుతూ ఉంటే ఎమిలీ చూసింది. బడిలో వైజ్ఞానిక ప్రదర్శనకు ఏదో ఒకటి చేయాలి గదా, దీన్నే పరీక్షిస్తే ఏం? అనుకున్నది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. మీరే ఆ పిల్ల స్థానంలో ఉంటే ఏం చేసేవారు? రోగులకు నయమవుతున్నదా లేదా అని చూడాలంటే రోగులు కావాలి, డాక్టర్లు కావాలి, నెలలకు నెలలు పడుతుంది. "మీకు నిజంగా శక్తి తెలుస్తుందా?" అని నర్సులనే అడిగితే, తెలుస్తుందనే అంటారు. వారు అబద్ధమాడుతున్నారని కాదు, మనసారా అట్లా నమ్మేవారు. ఎమిలీ ఈ పెద్ద ప్రశ్నలను పక్కన పెట్టి, వాటికి మూలమైన చిన్న ప్రశ్నను పట్టుకున్నది: కళ్లకు కనపడకుండా నా చెయ్యి దగ్గరికి వస్తే, వచ్చిందని వీరి చేతికి తెలుస్తుందా? శక్తి ఉండి, అది అరచేతికి తెలిసేదే అయితే, ఈ పాటి తెలిసి తీరాలి.

ఆమె ఒక పెద్ద అట్టను నిలబెట్టి, అడుగున రెండు కన్నాలు కోసింది. చికిత్స చేసేవారు అట్టకు ఒక వైపున కూర్చుని, ఆ కన్నాలలోనుంచి రెండు చేతులూ ఇవతలికి చాచి, అరచేతులు పైకి పెట్టి బల్లమీద ఆనించాలి. సందులోనుంచి చూపు దూరకుండా చేతులమీద ఒక తువ్వాలు కప్పింది. ఎమిలీ ఇవతల కూర్చుని, తన కుడి చేతిని వారి రెండు చేతులలో ఒకదానికి పైన, మూడు నాలుగు అంగుళాల ఎత్తున ఉంచేది. "ఏ చేతిమీద ఉన్నది, కుడా, ఎడమా?" అని అడిగేది. అంతే ప్రయోగం!

మరి ఏ చేతిమీద పెట్టాలో ఎవరు నిర్ణయించాలి? ఎమిలీయే నిర్ణయిస్తే? మనుషులు తమ ఇష్టం వచ్చినట్టు కుడి, ఎడమ అని ఎంచుకుంటూ పోతే, తెలియకుండానే ఒకటి మార్చి ఒకటి వరసపెడతారు. ఎదుటివాడు దాన్ని పట్టేయవచ్చు. అందుచేత ఎమిలీ ప్రతిసారీ నాణెం ఎగురవేసింది. బొమ్మ పడితే ఒక చెయ్యి, బొరుసు పడితే ఇంకొకటి. నాణేనికి ఎవరిమీదా అభిమానం లేదు గదా!

ఇంకొక సంగతి. ఒక్కొక్కరినీ ఆమె పదిసార్లు అడిగింది. ఎందుకు? ఒక్కసారే అడిగితే ఏమీ తెలియనివాడు కూడా సగం సార్లు నెగ్గుతాడు. పదికి పదీ గుడ్డిగా చెప్పి నెగ్గటం అంటే 1,024 సార్లకు ఒకసారి మాత్రమే జరిగే పని. ఒకటిని రెండుతో పదిసార్లు హెచ్చవేసి చూడండి, మీకే తెలుస్తుంది.

1996లో ఎమిలీకి తొమ్మిదేళ్ల వయసున మొదటి దఫా జరిగింది. 15 మంది కూర్చున్నారు, మొత్తం 150 సార్లు అడిగింది. వారిలో ఒకటి రెండేళ్ల అనుభవం ఉన్నవారినుంచి చాలా కాలంగా చేస్తున్నవారిదాకా ఉన్నారు. సరి అయిన జవాబులు 70. అంటే సగానికి కూడా తక్కువ! నాణెం ఎగురవేసి చెప్పినా 75 దాకా వచ్చి ఉండేవి.

వారు ఊరుకుంటారా? తలా ఒక కారణం చెప్పారు. ఎమిలీ చెయ్యి తీసేసిన తరువాత కూడా దాని జాడ గాలిలో ఉండిపోతున్నదని ఒకరు. ఎడమ చెయ్యి శక్తిని పుచ్చుకునేది, కుడి చెయ్యి ఇచ్చేది, కనుక కుడి చేతికి తెలియటం కష్టమని మరొకరు. ముందుగా ఎమిలీ చేతి శక్తిని ఒకసారి రుచి చూడనివ్వాలని ఇంకొకరు. ఇటువంటి మాటలు వింటే మనకు నవ్వు వస్తుంది. ఎమిలీ మాత్రం నవ్వి ఊరుకోలేదు. ఆ అభ్యంతరాలలో పరీక్షకు నిలిచేవాటిని తీసుకుని ప్రయోగాన్ని సవరించింది. 1997లో రెండవ దఫా జరిగినప్పుడు, పరీక్షకు ముందు ఆమె తన రెండు చేతులనూ ఒక్కొక్కటిగా వారి చేతులమీద ఉంచి చూపి, మీకు ఏది బాగా తెలుస్తున్నదో దానితోనే పరీక్ష చేస్తానన్నది. ఈసారి 13 మంది వచ్చారు, వారిలో 7 మంది పాతవారే. 130 సార్లలో సరిపోయినవి 53. రెండు దఫాలూ కలిపితే 280కి 123, అంటే నూటికి 44.

ఒకావిడో, ఒకాయనో గాని, మొదటిసారి పదింట ఎనిమిది సరిగ్గా చెప్పిన వ్యక్తి ఉన్నారు. ప్రయోగం అక్కడే ఆపి ఉంటే, "చూశారా, శక్తి ఉన్నది!" అని చాటేవారేమో. ఆ వ్యక్తినే మళ్లీ కూర్చోబెడితే ఆరు వచ్చాయి.

ఎమిలీ బడిలో చూపించినది ఈ అట్ట ప్రయోగమే. తరువాత తల్లీ, మరి ఇద్దరూ కలిసి దాన్ని వ్యాసంగా రాయగా, 1998 ఏప్రిల్ 1వ తేదీన అమెరికా వైద్య సంఘం వారి పత్రికలో అచ్చయింది. ఏప్రిల్ ఒకటి అని నవ్వకండి, నిజంగానే అచ్చయింది. అప్పటికి ఆ పిల్లకు పదకొండేళ్లు!

దాని మీద పెద్దలు తగవు కూడా పెట్టుకున్నారు. ఏ చేతిమీద ఉన్నదో ఎమిలీకి తెలుసు గదా, ఆమె ఊపిరిలోనో, మాటలోనో తేడా వచ్చి ఉండవచ్చునని కొందరన్నారు. అది ఆలోచించవలసిన మాటే. అయితే అట్లా తేడా తెలిసి ఉంటే సరి అయిన జవాబులు పెరగాలి గాని తగ్గకూడదు. తల్లికి ముందే నమ్మకం లేదు గనుక ఇది పక్షపాతమన్నారు మరికొందరు. ఆ మాటకు నాణెం జవాబు చెబుతుంది. మూడో ఆక్షేపణ గట్టిది: రోగికి హాయిగా ఉన్నదా లేదా అన్నది ఈ ప్రయోగం చూడలేదు. నిజమే. చేతికి తెలుస్తుందా అన్న ఒక్క ప్రశ్నకే అది జవాబు చెప్పింది. ఒక ప్రయోగం ఒక ప్రశ్నకు సరిగ్గా జవాబు చెబితే అదే గొప్ప.

ఇక మీ వంతు. మీరు చేయటానికి వీలైనది ఒకటి చెబుతాను. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే అమెరికా పరిశోధకుడు రంగుల పేర్లను వేరే రంగు సిరాలో అచ్చు వేయించాడు. అంటే "ఎరుపు" అనే మాట నీలి సిరాలో ఉంటుందన్నమాట. మాట చదవకుండా, సిరా రంగు చెప్పమన్నాడు. ఉట్టి రంగు గళ్లు నూరు చూపిస్తే, కాలేజీ విద్యార్థులు సగటున 63 సెకండ్లలో రంగులు చెప్పారు. మాటలు నూరు చూపిస్తే 110 సెకండ్లు పట్టింది! చదవవద్దన్నా కళ్లు చదివేస్తాయి, నాలుక తడబడుతుంది.

దీన్ని తెలుగులో చేయండి. రెండు అట్టలు తీసుకోండి. ఒకదానిమీద ఇరవై రంగు గళ్లు, రెండవదానిమీద ఇరవై మాటలు, ప్రతి మాటా తన రంగు కాని రంగులో రాయండి. తెలుగులో ఒక తమాషా ఉన్నది. "పచ్చ" అంటే కొన్ని ఇళ్లలో ఆకు రంగు, కొన్ని ఇళ్లలో పసుపు రంగు. ఆ మాట వాడితే మీ లెక్కంతా తారుమారవుతుంది, అందుచేత "ఆకుపచ్చ" అనండి. అది పలకటానికి పొడుగాటి మాటే, అయినా ఫరవాలేదు. రెండు అట్టలలోనూ ఒక్కొక్క రంగూ అన్నేసి సార్లు ఉంటే చాలు, ఆ ఆలస్యం రెంటికీ సమానమవుతుంది. వరస మాత్రం మార్చండి, లేకపోతే ఒకటి చెప్పేసరికి రెండవది నోటికి వచ్చేస్తుంది.

అందరికీ ముందు గళ్ల అట్టే ఇస్తే, రెండవ అట్టలో ఆలస్యం అలసటవల్లనేమో అని ఎవరైనా అడగవచ్చు. కనుక సగం మందికి ముందు గళ్లు, సగం మందికి ముందు మాటలు. ఎవరికి ఏది అన్నది నాణేన్ని అడగండి, ఒక వైపు సగం మంది నిండగానే మిగిలినవారిని రెండవ వైపు వేయండి. తప్పు చెబితే దిద్దుకుని ముందుకు పోవాలా, అట్లాగే పోవచ్చునా అన్నది ముందే నిర్ణయించి అందరికీ ఒకే మాటలలో చెప్పండి. "రెండవది చాలా కష్టం సుమా!" అని మాత్రం నోరు జారకండి.

ఎవరినైనా కూర్చోబెట్టే ముందు ఇష్టమేనా అని అడగండి. మధ్యలో చాలునంటే ఆపండి. బడిలో చార్టు తగిలించేటప్పుడు పేర్లు రాయకండి, ఒకటో నంబరు, రెండో నంబరు అని రాయండి. మామయ్యకు మీ తమ్ముడికంటె ఎక్కువ సెకండ్లు పట్టాయని బడికంతటికీ తెలియనవసరం లేదు. మీకు నచ్చని అంకె వచ్చినా చార్టులో ఉండి తీరాలి.

మీ ఇంట్లో రంగుల పేర్లు వచ్చి, ఇంకా అక్షరాలు రాని చెల్లెలు ఉంటే మీ అంత అదృష్టవంతులు లేరు! ఆమెకు రెండవ అట్టలో ఆలస్యమవుతుందా? చదవటం బాగా వచ్చిన అక్కయ్య ముందు అదే అట్టను తలకిందులుగా పెడితే ఏమవుతుంది? ఆ అట్ట తీసే ముందే మీ ఊహను ఒక కాగితంమీద రాసి, మడిచి, అమ్మ చేతికి ఇవ్వండి.