డిఫెండర్‌కి మిగిలేది ఫౌళ్ల చిట్టా

బాస్కెట్‌బాల్ స్కోర్‌షీట్ ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశారా? ఇప్పుడు చూడండి. అంతర్జాతీయ సమాఖ్య ఫీబా నమూనా కాగితంలో ఆటగాడి పేరు ఎదురుగా అయిదు గళ్లుంటాయి. అవి వాడు చేసిన ఫౌళ్లకి. పక్కన ఎవరు ఎన్ని పాయింట్లు వేశారన్న లెక్క. 40 నిమిషాలు అవతలి జట్టు మొనగాడికి ఊపిరాడకుండా చేసిన కుర్రాడి గురించి ఆ కాగితం భద్రంగా దాచేది వాడి నేరాల చిట్టా ఒక్కటే!

మన సెలెక్టర్ మహాశయులు పట్టుకు తిరిగేది ఆ కాగితాన్నే. "ఎన్ని కొట్టాడు?" బెజవాడ కోర్టుల చుట్టూ వినిపించే ప్రశ్న ఇదొక్కటే. ఎన్ని కొట్టనివ్వలేదని అడిగిన నాథుడు లేడు. అమ్మాయిల జట్లలోనూ ఇదే తంతు.

కోర్టులో జరిగేది చెబుతాను, వినండి. కుడిచేతివాటం డ్రిబ్లర్ దూసుకొస్తున్నాడు. డిఫెండర్ అరడుగు పక్కకి జరిగి కుడి దారి మూసేశాడు. అంతే. వాడు ఎడమకి తిరిగి సైడ్‌లైన్ దగ్గర ఇరుక్కున్నాడు, బంతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు, ఇక అడుగు వేయలేక వెనక్కి పాస్ ఇచ్చాడు. ఇంతలో షాట్ కొట్టడానికిచ్చిన 24 సెకన్లూ అయిపోయాయి, బజర్ మోగింది, బంతి మన చేతికొచ్చింది. ఈ పని ఎవరి ఖాతాలో పడింది? ఎవరి ఖాతాలోనూ పడలేదు. పక్కనే ఇంకొకడు బంతి కోసం పిచ్చిగా ఎగబడతాడు. దొరికితే స్టీల్, దొరక్కపోతే వాడు వదిలేసిన మనిషి వెనకున్న నలుగురి నెత్తిన. ఈలలు మాత్రం వాడికే.

"అమెరికాలో అన్నీ లెక్కేస్తారండీ" అంటారు మేధావులు. ఎన్‌బీఏ స్టీళ్లూ బ్లాకులూ లెక్కపెట్టడం మొదలెట్టింది 1973-74లో. బిల్ రస్సెల్ ఆట మానేసింది 1969లో. 11 టైటిళ్లు గెలిచిన ఆ డిఫెన్స్ చక్రవర్తి పేరున అధికారికంగా ఒక్క బ్లాకూ లేదు. అంకే దేవుడైతే రస్సెల్ జన్మలో ఎవర్నీ అడ్డుకోలేదన్నమాట! 2013-14 నుంచి ప్రతి ఎన్‌బీఏ స్టేడియంలో కెమెరాలు బిగించి సెకనుకి 25 సార్లు ఆటగాళ్ల కదలికలు పట్టారు. తగువు తీరిందా? లేదు. షాట్ పడితే తప్పు కాపలా ఉన్నవాడిదా, సాయానికి రాని పక్కవాడిదా, కొట్టినవాడి అదృష్టమా? మేటి డిఫెండర్‌కి మేటి స్కోరర్‌నే అంటగడతారు కాబట్టి వాడి మీద పాయింట్లు ఎక్కువే కనిపిస్తాయి. వాడికి జడిసి బంతే అటు రాకపోతే రాయడానికి ఏమీ ఉండదు. డిఫెన్సివ్ రేటింగ్ ఉందిగా అంటారా? జట్టు ఇచ్చుకున్న పాయింట్లనే చాలావరకు ఆటగాళ్లకి పంచిపెట్టే లెక్క అది. మంచి జట్టులో మొద్దూ మెరుస్తాడు.

ఎన్‌బీఏలోనే హ్యూస్టన్ జట్టు తన డిఫెండర్ షేన్ బాటియే విలువని పసిగట్టింది అతని సొంత అంకెల్లో కాదు. అతను కోర్టులో ఉన్నప్పుడు తనవాళ్లు మెరుగుపడటంలో, అవతలివాళ్లు తడబడటంలో. ఒప్పుకుంటాను, అది తెలివైన లెక్క. కానీ దానికి సీజన్‌కి 82 మ్యాచులు కావాలి. ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టే మ్యాచులాడే మచిలీపట్నం కుర్రాడికి ఆ లెక్క ఎక్కడ కడతారు?

అసలు మన బెజవాడకి అంకెల పిచ్చి ఇవాళ్టిది కాదు. బెంజ్ సర్కిల్‌లో తలెత్తితే ర్యాంకుల హోర్డింగులే. ఆ ర్యాంకులు అచ్చేసే కాలేజీల్లో ఎన్నింటికి ఆటస్థలం ఉందో అడగండి, ముఖం చాటేస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు కట్టకి గండ్లు పడితే సింగ్‌నగర్‌లో నీళ్లు ఎన్ని అడుగులని కొలిచాం. అదే కట్ట అన్నేళ్లు ఆపిన నీళ్లని ఎవరు కొలిచారు? డిఫెండర్ గతీ అంతే. తెగినప్పుడే గుర్తొస్తాడు.

లెక్కలంటే గిట్టని ముసలి ఛాందసుణ్ణని నన్ను కొట్టిపారేయకండి. నా పోరు లెక్కతో కాదు, కళ్లు మూసుకోవడానికి లెక్కని అడ్డం పెట్టుకునే సోమరులతో.

సెలెక్టరుగారూ, ఈసారి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోండి. బంతి లేనివైపు రెండు క్వార్టర్లు చూడండి. తర్వాత స్కోరర్లని ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి, ఎవడు కాపలాకొస్తే ఒళ్లు మండుతుందో అడగండి. నలుగురి నోటా ఒకే పేరు వస్తే వాణ్ణి జట్టులోకి తీసుకోండి. అప్పటికీ నామీద కోపం తగ్గకపోతే నిక్షేపంగా తిట్టండి, పడతాను.