విప్పితేనే కూలా?

బండిలో జబ్బు ఎక్కడుందో చెప్పినందుకు మా పిఠాపురంలో ఎవరూ రూపాయి ఇవ్వరు. విప్పినందుకు ఇస్తారు, సామాను మార్చినందుకు ఇస్తారు, మార్చినది మళ్ళీ పోతే తిట్టుకుంటూ ఇంకోసారి ఇస్తారు. కనిపెట్టిన బుర్రకి మాత్రం ఒక టీ. అదీ మనం తాగుతూ, మొహమాటానికి చెప్పిన టీ. డీజిల్ పికప్పుల మీద బతికే మా బోటివాళ్ళకి రిపేరు ఖర్చులు తడిసి మోపెడవుతున్నాయంటే విడిభాగాల ధరల కన్నా ఈ అలవాటే పెద్ద కారణమని నా వాదన. ఎందుకో వాటర్ పంపు సంగతి చెబితే తెలుస్తుంది.

నా పికప్పుకి ఉప్పాడ చేపల లోడు రోజువారీ పని. సీజనులో గొల్లప్రోలు ఉల్లి, కార్తీకం వస్తే కోనసీమ నుంచి అన్నవరానికి కొబ్బరికాయలు. అలా కాయల లోడుతో రత్నగిరి ఘాటు ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు లేవడం మొదలైంది. దిగేటప్పుడు మామూలే, ఖాళీగా వస్తుంటే మామూలే. ఒక షెడ్డులో థర్మోస్టాట్ వాల్వు పీకి పక్కన పడేశారు, "ఇది లేకపోతేనే ఇంజను చల్లగా ఉంటదండీ" అని. ఇంకోచోట రేడియేటర్ దింపి రాడ్డింగ్ చేయించారు, అంటే గొట్టాల్లో ఊచ దూర్చి పూడిక తీయించారు. ఆ తర్వాత ఒకాయన హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నాడు. హెడ్ దింపాలి, లేత్ దగ్గర ఫేసింగ్ కొట్టించాలి, బండి వారం పైనే షెడ్డులో ఉండాలి. వాళ్ళెవరూ దొంగలు కారు. తప్పు చెప్పినా, ఒప్పు చెప్పినా వాళ్ళకి డబ్బులొచ్చేది స్పానరు పట్టుకున్నాకే. అలాంటప్పుడు స్పానరు ముందే చేతిలోకి వస్తుంది.

చివరికి ఒక పెద్ద మేస్త్రి చూశాడు. ఆయన బానెట్ ఎత్తకముందే అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "ఉప్పాడ రోడ్డులో రైలు గేటు పడి ఆగినప్పుడు లేస్తోందా? లోడు మీద పోతుంటే లేస్తోందా?" ఆ ప్రశ్నలోనే సగం రోగం తేలిపోతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు వేడెక్కి, కదిలాక దిగితే అనుమానం ఫ్యాన్ మీదికి, ఫ్యాన్ క్లచ్ మీదికి పోవాలి. పరిగెడుతుంటే గాలి ఎలాగూ తగులుతుంది కాబట్టి, లోడు మీద లేస్తోందంటే నీళ్ళు సరిగ్గా తిరగడం లేదన్నమాట. రేడియేటర్ మూసుకుపోయి ఉండాలి, లేదా పంపు తోయడం మానేసి ఉండాలి. నాది రాడ్డింగ్ అయిపోయిన రేడియేటరే కదా.

ఇంజను చల్లారాక ఫ్యాన్ రెక్కలు పట్టుకుని పైకీ కిందకీ ఆడించాడు. నా బండిలో ఫ్యాను పంపు షాఫ్టు మీదే ఉంటుంది. బాగున్న షాఫ్టు కదలదు. నాది టకటకమంది. తర్వాత చిన్న అద్దం ముక్క పంపు కిందకి దూర్చి టార్చి వేశాడు. పంపు ఒంటి మీద, పుల్లీకి వెనకగా, అగ్గిపుల్ల దూరేంత కన్నం ఒకటి ఉంటుంది. దాని నుంచి కిందకి ఒక చార. ఎండిపోయిన కూలెంట్ తెల్లగా, కాస్త పచ్చగా పొక్కు కట్టి ఉంది. ఇంజను స్టార్ట్ చేయించి పొడుగు స్క్రూడ్రైవర్ మొన పంపుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. నన్నూ వినమన్నాడు. లోపల గరగరమంటోంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తెల్లబడలేదు, రేడియేటర్‌లో బుడగలు రావడం లేదు. "హెడ్ జోలికి పోకండి, పంపే" అన్నాడు. ఒక్క బోల్టు కూడా విప్పలేదు. ఎంతివ్వమంటారని అడిగితే, "ఏం విప్పానని తీసుకోమంటారండీ?" అని చేతులు తుడుచుకున్నాడు.

ఆ మాట వినయంగా బాగానే ఉంటుంది గానీ, మా వ్యాపారాన్ని ముంచుతున్నది ఆ మాటే.

ఆ కన్నం పొరపాటున పడింది కాదు, కంపెనీ కావాలని పెట్టింది. పంపులో ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క బేరింగు, రెంటికీ మధ్య సీలు. కార్బన్ ముఖం, సిరామిక్ ముఖం ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి. వాటి మధ్య పల్చటి కూలెంట్ పొరే వాటికి నూనె. సీలు అరిగితే కారిన నీరు బేరింగులోకి పోకుండా బయటికి పడాలి, పడి మనకి కనబడాలి. అందుకా కన్నం. దానికి ఎం-సీల్ పెట్టి మూసేసిన మహానుభావుల్ని మా స్టాండులోనే చూశాను. కారడం ఆగుతుంది, నిజమే. ఆ నీరే బేరింగులోకి దిగుతుంది. ఏదో ఒక రోజు బేరింగు విరిగి ఫ్యాను ముందుకొచ్చి రేడియేటర్‌ని కోసేస్తుంది. అప్పుడు పంపు ఖర్చు, రేడియేటర్ ఖర్చు, కుళ్ళిన చేపల ఖర్చు మూడూ కలిపి ఇచ్చుకోవాలి.

థర్మోస్టాట్ పీకడమూ అలాంటి వైద్యమే. కొన్ని ఇంజన్లలో ఆ వాల్వు తెరుచుకున్నప్పుడే బైపాస్ దారి మూసుకుంటుంది. వాల్వు తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, సగం నీళ్ళు రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజనులోకి తిరిగొస్తాయి. లోడు మీద ఇంకా వేడి. పొద్దున్నే ఖాళీ బండికేమో ఇంజను వేడెక్కదు, పొగ, మైలేజీ దిగడం. వాల్వు మంచిదో కాదో తెలియాలంటే గిన్నెలో నీళ్ళు కాచి, థర్మామీటర్ పెట్టి, దాని మీద కొట్టిన డిగ్రీ దగ్గర తెరుచుకుంటోందో లేదో చూస్తే చాలు. ఆ పనికీ మనం కూలి ఇవ్వం. అందుకే ఎవరూ గిన్నె పొయ్యి మీద పెట్టరు.

పంపు మార్చే పనిలోనూ ఇదే కథ. కష్టమంతా స్పానరులో కాదు, చూపులో ఉంది. మేస్త్రి బెల్టు తీసి, ఫ్యాను, పుల్లీ దింపి, బోల్టులు విప్పుతూ ఒక్కొక్కటీ అట్టముక్కకి గుచ్చాడు. ఎక్కడిది అక్కడే. ఆ బోల్టులన్నీ ఒకే పొడుగు కాదు. పొట్టిది ఉండాల్సినచోట పొడుగుది వేసి బిగిస్తే బ్లాక్ పగులుతుంది. పాత పంపు ఊడొచ్చాక నా చేతిలో పెట్టాడు. లోపలి చక్రం రెక్కలు అంచుల దగ్గర కాగితంలా పల్చబడి, ఒళ్ళంతా సన్నటి గుంటలు. సగానికి సగం తినేసి ఉంది. అదెంత గిరగిరా తిరిగినా నీళ్ళు తోయలేదు. పాత గ్యాస్కెట్ గీకడానికే చాలాసేపు పట్టింది. సిలికాన్ పేస్టు సన్నగా రాశాడు. దట్టంగా పులిమితే లోపలికి పొంగిన ముక్కలు ఊడి రేడియేటర్ గొట్టాల్లో ఇరుక్కుంటాయి. బోల్టులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాడు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. అంతకన్నా బిగిస్తే కొత్త బేరింగుకి అప్పుడే ఆయుష్షు తీరినట్టు. పీకేసిన థర్మోస్టాట్ మళ్ళీ పెట్టి, మూత తీసి ఇంజను నడిపి, అది తెరుచుకుని గాలి బుడగలు ఆగేదాకా కూలెంట్ పోస్తూ కూర్చున్నాడు. ఆ కూర్చోవడం కూడా పనే.

రెక్కల్ని తిన్నదేమిటంటారా? నీళ్ళే. ఉప్పాడ వైపు బోరు నీళ్ళు ఉప్పన. దారిలో ఏది దొరికితే అది పోసేయడం మా డ్రైవర్లకి అలవాటు. "మనకి మంచు పడదు కదా, కూలెంట్ దేనికి?" అంటారు. గడ్డకట్టకుండా ఉండడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ కలిపితే మరిగే డిగ్రీ 100 నుంచి 106, 107 దాకా పోతుంది. రేడియేటర్ మూత ఒత్తిడి దానికి ఇంకో ఇరవై డిగ్రీల పైనే కలుపుతుంది. తుప్పు పట్టకుండా చూసే మందులు అందులోనే ఉంటాయి. డీజిల్ ఇంజను అదురుకి లైనర్ల వెనక బుడగలు పుట్టి పగులుతూ ఇనుముని తొలుస్తాయి. దాన్ని ఆపే మందులు కూడా డీజిల్ ఇంజన్లకి సరిపడే కూలెంట్లోనే ఉంటాయి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కార్లలో మొదటి 2,500 బండ్ల తర్వాత వాటర్ పంపే తీసేశారు. వేడి నీరు తనంతట తాను పైకి లేచి తిరిగేది. లోడు లాగే నేటి టర్బో డీజిల్‌కి ఆ వైభోగం లేదు. పంపు తోయాల్సిందే. దారి మధ్యలో ఆపద వస్తే కాలవ నీళ్ళు పోయండి, తప్పులేదు. షెడ్డుకొచ్చాక అవి దింపి, కడిగి, కూలెంట్ పోయించుకోవాలి. వేడి మీద మూత మాత్రం తిప్పొద్దు, చేయి ఉడికిపోతుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనను. 2014 ఆగస్టు 25న కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది, అసలు విడిభాగాలూ, రోగం పట్టే పరికరాలూ బయటి గ్యారేజీలకి అందకుండా చేస్తున్నారని. 2022లో కేంద్రం రిపేరు హక్కు కోసం పోర్టల్ పెట్టింది, అందులో బండ్లూ ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ ఒకటే, 18 శాతం. అన్నీ మంచివే. కానీ ఇవన్నీ సామాను చుట్టూ, పరికరం చుట్టూ తిరిగేవే. చూసి చెప్పే మనిషి లెక్క ఎక్కడా లేదు. పోర్టల్ తెరిచి మా షెడ్డు కుర్రాడు ఏం చేసుకుంటాడు? వాడికి కావాల్సింది తెలుగులో ఒక పేజీ. ఏ బోల్టుకి ఎంత బిగింపు, కూలెంట్ ఎన్ని లీటర్లు, గాలి ఎక్కడ తీయాలి.

పది పాసైన పిల్లలకి ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాది, మోటారు వెహికల్ మెకానిక్ రెండేళ్ళు. పరీక్షలో విప్పి బిగించమంటే సరిపోదు. ఒక ఇంజనులో కావాలని లోపం పెట్టి, స్పానరు ముట్టకుండా ఏం చెడిందో రాయమనాలి. నన్నడిగితే సగం మార్కులు దానికే ఇవ్వాలి.

డాక్టరుగారు మందు రాయకపోయినా ఫీజు ఇచ్చి, నమస్కారం పెట్టి వస్తాం. మేస్త్రికి ఆపాటి ఎందుకివ్వం? షెడ్డులో బోర్డు మీద "చూసినందుకు ఇంత" అని రాయాలి. చూశాక ఒక చీటీ మీద ఏం చూశాడో, ఏం చెడిందనుకుంటున్నాడో రాసి ఇవ్వాలి. తీసిన పాత సామాను బండి యజమాని చేతిలో పెట్టాలి. చూపు తప్పైతే ఆ డబ్బు తర్వాతి కూలిలో తగ్గించాలి.

"చూడ్డానికే డబ్బులడిగితే పక్క షెడ్డుకి పోతారండీ" అని మేస్త్రులంటారు. ఒక్కరే అడిగితే పోతారు. అందుకే మొదలెట్టాల్సింది వాళ్ళు కాదు, మేం. పికప్పు యజమానులం మా స్టాండులో కూర్చుని ఒక రేటు అనుకుని, హైవే పక్కనున్న షెడ్లన్నిటికీ మేమే చెప్పాలి. నేను వంద రూపాయలంటున్నాను. మా స్టాండులో కొందరు యాభై అంటున్నారు. బేరం తెగలేదు. సంక్రాంతి లోడ్లు మొదలయ్యేలోగా తేల్చుకుంటాం.