మింగిన ముక్క... మింగిన మాట

మా అక్క కూతురి కొడుక్కి అప్పటికి ఏడాదిన్నర. కిందటేడు ఓ ఆదివారం ఉదయం బొమ్మ కారు చక్రం ఊడదీసి గుటుక్కున మింగేశాడు. వాళ్లమ్మ చూసింది. కానీ ఎవరికీ చెప్పలేదు. హాల్లో అత్తగారు, మామగారు, ఊరినుంచి వచ్చిన చుట్టాలు ఉన్నారు. "ఒక్క పిల్లాణ్ణి కనిపెట్టుకోవడం కూడా చేతకాదా?" అన్న మాట పడాల్సి వస్తుందని భయం. వంటింట్లోకి తీసుకెళ్లి నోట్లో వేలు పెట్టి కెలికింది. రాలేదు. అరటిపండు మెత్తగా చేసి తినిపించింది. సగం కక్కేశాడు. మధ్యాహ్నం పాలు ముట్టలేదు. సాయంత్రానికి చొంగ ధారగా కారుతుంటే అప్పుడు ఆస్పత్రికి పరుగెత్తారు. బయల్దేరేముందు కూడా చాటుగా ఇంకో అరటిపండు పెట్టి చూసిందట.

"ఎప్పుడు మింగాడమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ. అందరూ ఆ పిల్ల వంకే చూశారు. "ఇందాకే" అంది. ఎక్స్‌రే తీశారు. ఏమీ కనిపించలేదు. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకున్నారు. డాక్టరమ్మ మాత్రం అనుకోలేదు. లోహం ఎక్స్‌రేలో తెల్లగా కనబడుతుందిగానీ, ప్లాస్టిక్ సాధారణంగా కనబడదు. అక్కడ తల్లి చెప్పే మాటే ఆధారం. గొట్టం వేసి చూడటానికి మత్తు ఇవ్వాలి, ఈలోగా ఏమైనా తిన్నాడా అని అడిగారు. కడుపులో తిండి ఉండగా మత్తిస్తే అది ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అప్పుడిక ఆగలేక ఆ పిల్ల భోరున ఏడ్చి, ఉన్నదంతా చెప్పేసింది. ఆహారనాళంలో ఇరుక్కున్న చక్రాన్ని జాగ్రత్తలన్నీ తీసుకుని బయటికి తీశారు. పిల్లాడు క్షేమం.

ఆ పిల్లని నేను తప్పుపట్టను. ఆమె గొంతులో మాట అడ్డం పడేలా చేసిన మన ఇళ్ల సంగతే నేను అడగదలిచాను. కానీ దానికి ముందు, ప్రతి ఇల్లాలూ తెలుసుకోవాల్సిన నాలుగు ముక్కలు చెబుతాను.

మింగిన ప్లాస్టిక్ ముక్క చిన్నదీ, నున్ననిదీ అయి కడుపులోకి దిగిపోతే చాలావరకు భయం లేదు. అది అరగదు, కరగదు. నాలుగైదు రోజుల్లో, ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యంగా, విరేచనంలో వెళ్లిపోతుంది. ఒక్క ముక్కతో ఒళ్లంతా విషం పాకదు. అయినా డాక్టరుకు ఒక మాట చెప్పి, పిల్లాణ్ణి కనిపెట్టి ఉండాలి. వాంతులు, కడుపు నొప్పి, పొట్ట ఉబ్బరం, జ్వరం, విరేచనంలో రక్తం కనిపిస్తే ఆగకూడదు. చొంగ కారుతున్నా, మింగలేకపోతున్నా ముక్క ఆహారనాళంలోనే ఆగిందని అనుమానించాలి. ముక్క వాడిగా ఉన్నా, పొడుగ్గా ఉన్నా లక్షణాలకోసం చూడకుండా ఆస్పత్రికి వెళ్లాలి. బొమ్మలో ఉండే గుండీలాంటి బ్యాటరీ మింగితే ఇక గంటల లెక్క కూడా కాదు, నిమిషాల లెక్క. ఇరుక్కుంటే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేయగలదు.

అసలు ప్రమాదం ముక్క గాలిగొట్టంలోకి పోయినప్పుడు. పిల్లాడు గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గు పెగలక, ఏడుపు రాక, పెదాలు నీలంగా మారుతుంటే మాత్రం ఎవరినైనా 108కి ఫోను చేయమని, మీరు వెంటనే పని మొదలుపెట్టండి. ఏడాదిలోపు పసివాడైతే ముంజేతిమీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి వంచి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు వేయాలి. తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఐదుసార్లు నొక్కాలి. ముక్క బయటపడేదాకా ఇలా మార్చి మార్చి చేయాలి. ఏడాది దాటినవాళ్లకి ఛాతీ బదులు బొడ్డుకి పైన పొట్టను లోపలికీ పైకీ నొక్కుతారు. ఈ పద్ధతిని మీ పిల్లల డాక్టరు దగ్గర ఒక్కసారి చేయించుకుని చూసి నేర్చుకోండి. దగ్గు తగ్గిపోయిందని ఊరుకోకూడదు కూడా. ముక్క లోపలే ఉండిపోయి, వారాల తరబడి పిల్లికూతలు, మళ్లీ మళ్లీ నిమోనియా తెప్పించవచ్చు.

చేయకూడనివీ ఉన్నాయి. కనబడని ముక్క కోసం వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం, అన్నం ముద్దలు మింగించడం, ఆముదం పట్టడం... ఇవన్నీ మానాలి. మింగినదాని జత ముక్క ఉంటే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇది పసివాళ్ల సంగతే అనుకోకండి. పాల ప్యాకెట్ మూల కత్తిరించి ఎక్కడ పడేస్తున్నాం? అది పాలగిన్నెలో పడిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. మూల పూర్తిగా తెగకుండా కత్తిరిస్తే సరిపోతుంది. మందుల షాపులో స్ట్రిప్పును ఒక్కో బిళ్లగా కత్తిరించి ఇస్తే, చూపు ఆనని పెద్దవాళ్లు దాన్ని అట్టతోసహా మింగేయడం ఉంది. ఆ పదునైన మూలలు ఆహారనాళాన్ని చీల్చగలవు. అత్తగారికి బిళ్ల విప్పి చేతిలో పెట్టండి. బొమ్మలమీద ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. అది చూసి కొనండి. మూడేళ్లలోపు పిల్లలకు ఊడివచ్చే భాగాలున్న బొమ్మలు ఇవ్వకండి.

ఇక అసలు సంగతి. కళ్లు మూసి తెరిచేలోగా జరిగే పని ఇది. ఎంత కాపలా కాసే తల్లి దగ్గరైనా జరుగుతుంది. ఆ ఇంట్లో అంతమంది పెద్దవాళ్లున్నారు. చూడాల్సిన కళ్లు తల్లివి మాత్రమేనా? ముక్క లోపల ఉన్నంతసేపూ "ఎలా జరిగింది?" అని నిలదీయకండి. "ఎప్పుడు, ఏమిటి?" అని మాత్రం అడగండి. కోపం ఉంటే పిల్లాడు ఇంటికొచ్చాక చూసుకోవచ్చు. అత్తగారైనా, భర్తయినా, ఆ ఒక్క పూట నోరు కట్టుకుంటే పసివాడికి ఎంతో సమయం మిగులుతుంది.

తల్లులకు నేను చెప్పేది కూడా ఒక్కటే. తిట్లు పడితే పడదాం. అవి వారంలో మర్చిపోతాం. మాట మాత్రం మింగేయకండి.