మనది కాని మైదానం

టీవీలో మ్యాచ్ నడుస్తోంది. ఉప్పల్ స్టేడియం ఫ్లడ్‌లైట్ల వెలుగులో మెరిసిపోతోంది. సిక్సర్ పడింది. ఇంటిల్లిపాదీ చప్పట్లు. పడక్కుర్చీలోని పెద్దాయన మాత్రం పెదవి విరుస్తారు. 'ఇదేం స్టేడియంరా అబ్బీ! మ్యాచ్ అంటే ఫతేమైదాన్‌లో చూడాల...' అంటారు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. తాత మళ్లీ మొదలుపెట్టాడు!

కర్నూలులో ఇలాంటి పెద్దాయన వీధికొకరు ఉంటారు. కొండారెడ్డి బురుజు దగ్గర టీ తాగుతూ క్రికెట్ ఊసెత్తితే చాలు... రెండో గుక్కకల్లా జయసింహ వచ్చేస్తాడు.

నిజానికి రూలు ప్రకారం చూస్తే ఫతేమైదాన్ కర్నూలు వాళ్లది కానే కాదు. రంజీ క్రికెట్‌లో కర్నూలు, కడప ఆంధ్ర జట్టు కిందికి వస్తాయి. హైదరాబాద్ జట్టు వేరు. ఆంధ్ర జట్టేమీ అనామకం కాదు. 1953-54లో తొలిసారి రంజీ బరిలోకి దిగినప్పుడు సీకే నాయుడంతటి వాడు దాన్ని నడిపించాడు. అయినా సీమ కుర్రాళ్ల మనసు పోయింది మాత్రం పక్క జట్టు మీదికే!

ఆ మైదానంలో తొలి టెస్టు జరిగింది 1955 నవంబరులో, న్యూజిలాండ్‌తో. హైదరాబాదీ గులాం అహ్మద్ సొంతూళ్లోనే భారత్‌కు కెప్టెన్. పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో మనవాళ్లు చేసిన మొదటి డబుల్ సెంచరీ అదే. అప్పటికి కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. హైదరాబాద్ ఇంకో రాష్ట్రం. ఏడాది తిరక్కుండానే, 1956 నవంబరు 1న, రెండూ ఒకటయ్యాయి. కర్నూలు నుంచి రాజధాని వెళ్లిపోయింది. దానికి బదులుగా దొరికిందేమిటని అడిగితే, ఈ పెద్దాయన లాంటి వాళ్లు 'ఫతేమైదాన్' అనే చెబుతారు.

1967లో దానికి లాల్‌బహదూర్ స్టేడియం అని పేరు మారింది. పాతవాళ్ల నోటికి ఆ పేరు పట్టుబడలేదు. కర్నూలు నుంచి హైదరాబాద్ రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. మీటర్‌గేజ్ రైలెక్కి కాచిగూడలో దిగితే అక్కణ్నుంచి రిక్షా దూరం. ఆ రైలు ఛార్జీలకు డబ్బులు కూడేది ఏ రెండు మూడేళ్లకో ఒకసారి. మిగతా రోజుల్లో ఆటంతా రేడియోలోనే. ఆ గరగరలోంచి వినిపించే పేర్లే వాళ్లకు దేవుళ్లు.

ఏం పేర్లవి! చొక్కా కాలర్ పైకెత్తి నడిచొచ్చే ఎం.ఎల్.జయసింహ. 1968లో ఆస్ట్రేలియా పర్యటన మధ్యలో కబురు పెడితే వెళ్లి, బ్రిస్బేన్ టెస్టులో 74, 101 కొట్టాడు. 1959లో మాంచెస్టర్‌లో ఆడిన తొలి టెస్టులోనే సెంచరీ చేసిన అబ్బాస్ అలీ బేగ్. 1971లో ఓవల్‌లో ఇంగ్లండ్ మీద గెలుపు పరుగులు కొట్టిన ఆబిద్ అలీ. ఇక పటౌడీ... భారత జట్టుకు కెప్టెన్ అయ్యుండీ హైదరాబాద్‌కొచ్చి జయసింహ కెప్టెన్సీ కింద రంజీ ఆడాడు.

ఇంతమంది మహామహులున్న ఆ జట్టు రంజీ ట్రోఫీ ఎన్నిసార్లు గెలిచిందంటారా? ఒక్కసారీ లేదు! హైదరాబాద్ గెలిచింది రెండే రెండు సార్లు. 1937-38లో ఒకసారి, 1986-87లో మరోసారి. నడుమన యాభై ఏళ్లు. మనవళ్లు ఇక్కడే తాతను పట్టేస్తారు. 'గెలవని టీమ్‌ని ఎందుకు తలుచుకుంటావ్ తాతా?' అని.

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. 1969 అక్టోబరు మాత్రం ఉంది.

అప్పుడాయన కాలేజీ కుర్రాడు. అన్నతో కలిసి రైలెక్కాడు. ఫతేమైదాన్‌లో మళ్లీ న్యూజిలాండ్‌తో టెస్టు. పటౌడీ కెప్టెన్. మనవాళ్లు మొదటి ఇన్నింగ్స్‌లో 89కే ఆలౌట్. రెండో ఇన్నింగ్స్‌లో కావలసింది 268. చివరి రోజు 76 పరుగులకు ఏడు వికెట్లు పోయాయి. ఓడితే సిరీస్ కూడా పోతుంది. సరిగ్గా అప్పుడు కురిసింది వాన! ఆట మళ్లీ మొదలే కాలేదు. మ్యాచ్ డ్రా, సిరీస్ 1-1. వాన కోసం ఏడాదంతా మొగులు కేసి చూసే సీమ మనిషికి అంతకంటే మంచి వాన మరెక్కడా తగల్లేదట.

తర్వాత గెలుపులూ వచ్చాయి. 1987 మార్చిలో పాకిస్తాన్‌తో వన్డేలో స్కోర్లు 212 దగ్గర సమమైతే, తక్కువ వికెట్లు కోల్పోయిన భారత్‌దే విజయమన్నారు. 1988లో అక్కడ జరిగిన మూడో టెస్టులో న్యూజిలాండ్ మీద పది వికెట్ల గెలుపు. 1999 నవంబరులో సచిన్ 186, ద్రావిడ్ 153, ఇద్దరి భాగస్వామ్యం 331. ఆ రోజు కూడా ఎదురుగా న్యూజిలాండే! 2003 నవంబరులో ఆఖరి వన్డే జరిగింది. 2005 నుంచి పెద్ద మ్యాచ్‌లన్నీ ఉప్పల్‌కు తరలిపోయాయి.

మైదానమైతే అక్కడే ఉంది. క్రికెట్ గురించి పట్టనివాళ్లకూ అది తెలుసు. 1983లో ఎన్టీఆర్, 2004లో కడప బిడ్డ వైఎస్, 2023లో రేవంత్‌రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసింది అక్కడే. ఆడినవాళ్లే ఒక్కొక్కరూ వెళ్లిపోయారు. 1999లో జయసింహ, 2011లో పటౌడీ, 2025 మార్చిలో ఆబిద్ అలీ. 2014లో రాష్ట్రం కూడా విడిపోయింది. 1955లో లాగే ఫతేమైదాన్ మళ్లీ పక్క రాష్ట్రంలోకి వెళ్లింది. పెద్దాయనకు మాత్రం అదేమీ కొత్త కాదు. మనది కాని మైదానాన్ని మనదనుకోవడంతోనే కదా ఆయన క్రికెట్ మొదలైంది!

టీవీలో ప్రకటనలు వస్తున్నాయి. మనవడు సెల్‌ఫోన్‌లో వెతికి 1969 నాటి స్కోరుకార్డు పట్టుకున్నాడు. '76కి ఏడు... నిజమే తాతా!' అన్నాడు ఆశ్చర్యంగా.

పెద్దాయన ముందుకు వంగారు. 'వానొచ్చిందని రాసినారా ఆడ?'

'లేదు. డ్రా అని ఉంది.'

'అంతేనా!' అన్నారాయన నిరాశగా. తర్వాత కళ్లద్దాలు సర్దుకుని, 'టీవీ సౌండు తగ్గించు. ఆ వాన సంగతి చెబుతా' అన్నారు.

మనవడు సౌండు తగ్గించాడు.