పదం పాతది, పండుగ కొత్తది

డిసెంబరు వచ్చిందంటే చాలు, ఒక వాదం తలెత్తుతుంది: క్రిస్మస్‌లో క్రైస్తవులదంటూ ఏమీ లేదట, చెట్టు మొదలు దుంగ వరకు అంతా ఉత్తర ఐరోపా అన్యమతస్థుల 'యూల్' అనే మకరాయన పండుగనుండి దొంగిలించినదేనట! మన తెలుగు మిత్రులూ దీనిని శ్రద్ధగా వల్లిస్తున్నారు. దొంగతనం మోపేముందు సాక్షులను విచారించడం ధర్మం కదా!

మొదటి సాక్షి ఇంగ్లండు సన్యాసి బీడ్. పూర్వపు ఆంగ్లేయులు డిసెంబరు, జనవరులను రెంటినీ 'గియులి' అనేవారనీ, నేటి క్రిస్మస్ రాత్రిని 'తల్లుల రాత్రి' అనేవారనీ 725లో రాశాడు. ఆ పేరెందుకు వచ్చిందో ఆయన కూడ ఊహించి చెప్పినవాడే.

రెండవ సాక్షి 13వ శతాబ్దపు ఐస్లాండు చరిత్రకారుడు స్నోర్రి స్టుర్లుసన్. 10వ శతాబ్దపు నార్వే రాజు హాకోన్ యూల్‌ను క్రిస్మస్ నాటికి మార్చాడని ఈయన కథనం. మార్చాడంటే అంతకుముందు అది వేరొకనాడు జరిగేదనే కదా అర్థం! ఆ నాడు జనవరి నడుమ పడేదని కొందరు పండితుల నిర్ణయం. ఇక మకరాయనం మాట ఎక్కడ నిలిచింది?

విందులూ, బలులూ, మద్యపానమూ ఆనాడు లేవనను. స్నోర్రియే వాటిని వర్ణించాడు. కాని నేడు యూల్ ఆచారాలుగా చెలామణి అవుతున్నవాటి వయసెంత? అలంకరించిన చెట్టు 16వ శతాబ్దపు జర్మన్ ప్రాంతాలది. పొయ్యిలో కాల్చే పండుగ దుంగ ఇంగ్లండు రాతలలో కనబడేది 17వ శతాబ్దంలో. ఓక్ రాజు, హాలీ రాజుల పోరాటగాథకు మూలం రాబర్ట్ గ్రేవ్స్ 1948లో ప్రకటించిన గ్రంథం. యూల్ చేరిన ఎనిమిది పండుగల ఋతుచక్రం 1950లలో బ్రిటన్‌లో, జెరాల్డ్ గార్డనర్ ప్రచారం చేసిన విక్కా మతంలో కుదురుకున్నది. ఆ చక్రంలోని శరద్విషువానికి 'మేబన్' అని పేరు పెట్టినవాడు ఏడన్ కెల్లీ అనే అమెరికన్, అదీ 1970లలో.

"మాట ప్రాచీనమే కదా!" అంటారు. మాట ప్రాచీనమే, కాదన్నదెవరు? 'నూనె' అన్న మాటలో నువ్వులున్నాయి. అంతమాత్రాన వేరుసెనగ నూనెను నువ్వులు గానుగాడి తీశారంటామా? పేరు నిలిచినంత మాత్రాన వస్తువు నిలిచినట్లు కాదు. వ్యుత్పత్తిని చరిత్రగా చలామణి చేయడం భాషకూ చరిత్రకూ కూడ ద్రోహమే.

డిసెంబరు 21 ప్రాంతాన, ఏడాదిలోని అతి దీర్ఘరాత్రి దీపాలు వెలిగించి సూర్యుని స్వాగతించే నేటి పేగన్లను నేను తక్కువ చేయడం లేదు. తమ మతం ఆధునికమని వారిలో ఎందరో నిస్సంకోచంగా ఒప్పుకుంటారు. డెబ్బై ఏళ్ల పండుగ కూడ పండుగే. దానికి వేల ఏళ్ల వయసు అంటగట్టనక్కరలేదు. లేని ఆ వయసును ఆధారం చేసుకుని మన పక్కింటి క్రైస్తవుణ్ణి దొంగ అనడం మరీ అన్యాయం.

ఈ ఆచారాలు క్రైస్తవానికి పూర్వమే ఉన్నట్లు ఆనాటి రాత ఒక్కటి చూపండి, శిరసా వహిస్తాను. అంతవరకు ఈ దొంగతనపు నేరారోపణను ఉపసంహరించుకోండి.