మందు తాపి బడికి పంపే తల్లిది కాదు తప్పు

పదవీ విరమణ చేసిన వైద్యుని గడప కూడా ఉదయం వేళ ఖాళీగా ఉండదు. కార్తీక మాసపు వానలు కురిసి వెలిసిన ఒకనాడు, మనుబోలులోని మా ఇంటికి ఒక తల్లి మూడవ తరగతి చదివే కుమారుని వెంటబెట్టుకొని వచ్చింది. బాలుని ఒళ్ళు కాలిపోతున్నది. థర్మామీటరు 102 డిగ్రీలు చూపింది. ఒంటిపై బడి దుస్తులు, వీపున పుస్తకాల సంచి ఉన్నాయి. "రాత్రి తాపిన జ్వరం సిరప్పు అయిపోయింది సార్. ఇంకోటి రాసిస్తే తాపి బడిలో వదిలేసి నాట్లకు పోతా" అన్నది. ఈ స్థితిలో బడి ఎందుకమ్మా అని అడిగాను. "మానిపిస్తే అటెండెన్సు తగ్గిపోతాదంట సార్. డబ్బులు పడవంట" అన్నది.

ఆమెను మందలించడానికి నాకు నోరు రాలేదు. కాని ఆ తల్లి చేత అలా చేయిస్తున్న వ్యవస్థను ప్రశ్నించకుండా ఉండడం వైద్యునిగా నాకు తగదనిపించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మన రాష్ట్రంలో తొలి కోవిడ్ కేసు 2020 మార్చిలో మన నెల్లూరులోనే నమోదయింది. ఆ తరువాత రెండేళ్ళ పాటు ప్రభుత్వం ఉచితంగా పరీక్షలు చేసింది. ఆర్టీసీ బస్సులను 'సంజీవని' పేరుతో సంచార పరీక్షా కేంద్రాలుగా మార్చి ఊళ్ళకు పంపింది. ఆ కాలంలో ఒక విచిత్రమైన మేలు జరిగింది. 'పాజిటివ్' అన్న చీటీ ఒకటి చేతికి వస్తే చాలు, బిడ్డను ఇంట ఉంచినందుకు తల్లిదండ్రులను సంజాయిషీ అడిగేవారు లేరు. బిడ్డను బడికి పంపవద్దని ఉపాధ్యాయులే బతిమాలేవారు. పరీక్ష చీటీయే సెలవు చీటీ అయింది.

పిమ్మట ఆ చీటీ మాయమైంది. 2022 జనవరి 10న భారత వైద్య పరిశోధన మండలి, లక్షణాలు లేనివారికి, ముప్పు ఎక్కువగా లేని పరిచయస్థులకు పరీక్ష అవసరం లేదని సూచించింది. అదే ఏడు మార్చి 31తో విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం విధించిన కోవిడ్ ఆంక్షల గడువు ముగిసింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించింది. పరీక్షా శిబిరాలు ఊళ్ళ నుండి వెళ్ళిపోయాయి. ఇంట చేసుకొనే కిట్టు 2021లో మొదట వచ్చినప్పుడే దాని ధర 250 రూపాయలు. జ్వరం వచ్చిన ప్రతిసారీ దానిని కొనమని కూలి చేసుకొనే తల్లికి చెప్పగలవారెవరు?

ఉచిత పరీక్షలను తిరిగి తెమ్మని నేను అడగడం లేదు. జ్వరపడిన ప్రతి బిడ్డకూ పరీక్ష చేయడం ఈనాడు అవసరమూ కాదు. నా అభియోగం వేరు. పరీక్ష పోయిన చోట మరొక ఏర్పాటు చేయకుండానే, హాజరు నిబంధనను మాత్రం మునుపటి కంటే గట్టిగా తెచ్చి పెట్టారు. దాని ఫలితంగా ఆ చీటీ లేని రోగం రోగం కాకుండా పోయింది. అది వట్టి గైర్హాజరు అయింది.

అమ్మ ఒడి పథకం 2020 జనవరి 9న చిత్తూరులో మొదలైంది. రెండవ విడత 2021 జనవరి 11న మన నెల్లూరులోనే ప్రారంభమైంది. మహమ్మారి కారణంగా మొదట్లో హాజరు షరతును సడలించారు. 2022 జూన్‌లో ఇచ్చిన మూడవ విడత నుండి 75 శాతం హాజరును లెక్కించారు. 2025లో వచ్చిన 'తల్లికి వందనం' పథకంలోనూ ఆ నిబంధన ఉన్నది. పథకాల పేర్లు మారాయి, ప్రభుత్వాలు మారాయి, షరతు మారలేదు. కనుక ఈ వ్యాసాన్ని ఏ పార్టీ ఖాతాలోనూ వేయవద్దని పాఠకులను కోరుతున్నాను. తల్లి ఖాతాలో పడే పదమూడు వేల రూపాయలు మన పల్లెలలో చిన్న మొత్తం కాదు. దానిని పోగొట్టుకొనే భయం కూడా చిన్నది కాదు.

ఇప్పుడు ఆ షరతును నిదానంగా లెక్క వేసి చూద్దాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుండి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, ఆరు నుండి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు ఉండాలి. అందులో 75 శాతమంటే చిన్న తరగతులకు 150 రోజులు, పెద్ద తరగతులకు 165 రోజులు. అనగా చిన్నవారు 50 రోజులు, పెద్దవారు 55 రోజులు బడికి రాకపోయినా షరతు చెడదు. సాధారణ ఆరోగ్యం గల బిడ్డకు ఏడాదిలో నాలుగైదు సార్లు జలుబు, జ్వరం వచ్చి, ప్రతిసారీ మూడేసి రోజులు ఇంట ఉన్నా పదిహేను రోజులకు మించదు.

మరి ఆ తల్లి ఎందుకు భయపడింది? నిబంధనలో ఉన్న ఈ వెసులుబాటును ఆమెకు ఎవరూ చెప్పలేదు. 'ఒక్కరోజు మానినా డబ్బులు పోతాయి' అన్న మాట బడి వాకిట పుట్టి ఊరంతా పాకింది. హాజరు తగ్గితే పైనుండి మాట పడవలసినది ఉపాధ్యాయుడే కనుక, ఆ మాటను ఖండించడానికి ఆయనకు ఉత్సాహం ఉండదు. సంఖ్య చెబితే పిల్లలు రారని భయం. చెప్పకపోతే రోగంతోనైనా వస్తారు. ఈ మౌనమే నేను ప్రశ్నించదలచిన మొదటి తప్పు.

రెండవ తప్పు నూటికి నూరు శాతం హాజరు బహుమతి. ఏడాది పొడుగునా ఒక్కరోజూ మానని బిడ్డను వార్షికోత్సవాన వేదికపైకి పిలిచి కప్పు చేతికిస్తారు. ఒకసారి అటువంటి సభలో ముఖ్య అతిథిగా కూర్చొని నేనూ ఇచ్చాను. చప్పట్లు కొట్టాను. ఆరోగ్యంగా ఉండడం ఆ బిడ్డ అదృష్టమే తప్ప ప్రతిభ కాదు. ఒకవేళ ఆ ఏడాది అతనికి జ్వరం వచ్చి ఉంటే, ఆ కప్పు తరగతిలోని మిగిలిన పిల్లలకు దానిని పంచినందుకు లభించిన కప్పు. ఈ బహుమతిని ఎత్తివేయడానికి పైసా ఖర్చు లేదు.

మూడవ తప్పులో నేనూ భాగస్వామిని. కొన్ని ప్రైవేటు బడులు రెండు రోజుల గైర్హాజరుకు కూడా వైద్యుని ధ్రువపత్రం అడుగుతాయి. పది రోజుల క్రితం వచ్చి తగ్గిన జ్వరాన్ని, ఈనాడు ఎదుట నిలబడి నవ్వుతున్న బిడ్డలో కనిపెట్టే విద్య నాకు ఏ వైద్య కళాశాలలోనూ నేర్పలేదు. అయినా అటువంటి పత్రాలపై లెక్కలేనన్ని సార్లు సంతకం చేశాను. కాదంటే ఆ తల్లి మరొకచోట డబ్బిచ్చి తెచ్చుకొంటుందని సరిపెట్టుకొన్నాను. తల్లి మాటను నమ్మని బడి, ఆ తల్లి మాట విని నేను వ్రాసిన కాగితాన్ని నమ్మింది. ఇందులో సత్యం ఎక్కడ ఉన్నది?

ఇక వైద్య విషయానికి వద్దాం. పారాసెటమాల్ ప్రభావం నాలుగు నుండి ఆరు గంటలు. ఉదయం ఎనిమిదికి తాపితే మధ్యాహ్న భోజన వేళకు జ్వరం తిరిగి వస్తుంది. ఆ మందు ఉష్ణోగ్రతను తగ్గిస్తుందే గాని వైరసును చంపదు, అది ఇతరులకు సోకడాన్ని ఆపదు. ఒకే బల్లపై నలుగురు కూర్చొనే గదిలో ఆ పూటలోనే వ్యాధి పంపకం జరిగిపోతుంది. సాయంత్రం ఆ నలుగురూ తమ ఇళ్ళలోని అవ్వతాతల వద్దకు వెళతారు. వారిలో మధుమేహం, ఆయాసం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉంటారు. బిడ్డకు మూడు రోజుల్లో తగ్గే జలుబు జ్వరం వారిని ఆసుపత్రి పాలు చేయవచ్చు.

అంతకంటే పెద్ద ప్రమాదం జ్వరపడిన బిడ్డకే. మన తీరానికి ఈశాన్య రుతుపవనాల కాలం డెంగీ కాలం కూడా. ఈ వ్యాధిలో మూడవ రోజు నుండి ఏడవ రోజు మధ్య జ్వరం తగ్గే సమయమే అత్యంత అపాయకరమైనది. రక్తనాళాల నుండి ద్రవం బయటకు ఊరి, రక్తపోటు పడిపోయే ముప్పు అప్పుడే ఉంటుంది. జ్వరం తగ్గిందని సంతోషించి బడికి పంపే రోజు అదే కావచ్చు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, చేతులు కాళ్ళు చల్లబడడం, మూత్రం తగ్గడం, మగతగా ఉండడం కనిపిస్తే బడి మాట మరచి వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. అరవై మంది ఉన్న తరగతిలో, మందుతో జ్వరం కప్పిపెట్టిన బిడ్డలో ఈ లక్షణాలను గమనించేదెవరు?

ఉపాధ్యాయ మిత్రులు ఒక ఆక్షేపణ చెబుతారు. 'పట్టు సడలిస్తే జ్వరం పేరుతో పిల్లలు పనులకు పోతారు, ఆడపిల్లలను ఇంట కూర్చోబెడతారు' అని. ఇది తేలికగా తీసివేయదగిన మాట కాదు. రొయ్యల గుంటల వద్ద, నిమ్మతోటలలో బడి ఈడు పిల్లలు పనిచేయడం నేను చూశాను. ఆ పిల్లలను బడికి రప్పించడానికి షరతు ఉండవలసిందే. కాని వారమంతా రాని బిడ్డ ఇంటికి వెళ్ళి విచారించడం ఒక పని, జ్వరంతో ఉన్న బిడ్డను భయపెట్టి రప్పించడం మరొక పని. రెండవది చేస్తే మొదటిది చేసినట్లు కాదు.

ఇంగ్లండులో ఈ తేడాను గుర్తించారు. అక్కడ అకారణంగా బడి ఎగ్గొట్టిస్తే తల్లిదండ్రులకు జరిమానా వేస్తారు. అయినను హాజరు పట్టికలో అనారోగ్యానికి 'ఐ' అనే ప్రత్యేక గుర్తు ఉన్నది. అనుమానం ఉంటే తప్ప వైద్యుని పత్రం అడగవద్దని బడులకు సూచన ఉన్నది. 2022 ఏప్రిల్ 1న ఉచిత పరీక్షలు ముగిసినప్పుడు, జ్వరంతో అస్వస్థులైన పిల్లలు ఇంట ఉండాలి, స్వల్ప జలుబు ఉన్నవారు బడికి రావచ్చును అని సామాన్యులకు అర్థమయ్యే మాటల్లో చెప్పారు. వారి సంపద మనకు లేకపోవచ్చు, కాని హాజరు పట్టికలో ఒక అక్షరం చేర్చడానికి సంపద అక్కరలేదు.

కనుక నా కోరికలు ఇవి. బడి గోడపై 'ఏడాదిలో ఇన్ని రోజుల వరకు మానినా పథకానికి భంగం లేదు' అని తెలుగులో, పెద్ద అక్షరాలతో వ్రాయించండి. హాజరు పట్టికలో అనారోగ్యాన్ని వేరుగా గుర్తించండి. మూడు రోజుల వరకు తల్లి మాటనే పత్రంగా స్వీకరించండి. అంతకు మించితే ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎమ్‌నో ఇంటికి పంపండి. ఆస్తమా, తలసీమియా, గుండెజబ్బు వంటి దీర్ఘవ్యాధులు గల పిల్లలకు ఆ యాభై రోజులూ చాలవు కనుక వారికి షరతు నుండి మినహాయింపు ఇవ్వండి. ఇంట ఉన్న బిడ్డకు మధ్యాహ్న భోజనమూ గుడ్డూ దక్కవు. 2020లో బడులు మూసినప్పుడు ఇళ్ళకు సరుకులు అందించగలిగాం కదా, ఈ లోటునూ తీర్చవచ్చును.

తల్లులకు నా మనవి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే బిడ్డను పంపవద్దు. మందు వేయకుండానే ఒక పగలూ ఒక రాత్రీ జ్వరం లేకుండా గడిచి, బిడ్డ తిని, ఆడుకొంటుంటే పంపండి. వాంతులు, విరేచనాలు ఆగిన తరువాత రెండు రోజులు ఉంచండి. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ ఎండి పక్కు కట్టే వరకు, తట్టు పోస్తే దద్దుర్లు వచ్చిన పిమ్మట నాలుగు రోజుల వరకు ఆపండి. జ్వరం లేని జలుబుకు, తలలో పేలకు బడి మానిపించనక్కరలేదు.

ఆనాడు ఆ తల్లికి ఈ లెక్క అంతా చెప్పాను. ఏడాది మొదలైనప్పటి నుండి ఆ బాలుడు మానినది నాలుగు రోజులే. "యాభై రోజులా సార్? మాకెవురూ చెప్పలేదే" అన్నది. బిడ్డను ఇంటికి తీసుకొనిపోయింది. ఆ రోజు ఆమె కూలి పోయింది. దానిని తిరిగి ఇచ్చే పథకమేదీ లేదు. ఆ నష్టం భరించడానికి సిద్ధపడిన తల్లికి, భరించనక్కరలేని భయాన్ని కూడా తగిలించడం అన్యాయం. ఆ యాభై రోజుల సంగతి ఈ ఏడు బడి తెరిచిన రోజునే ప్రతి తల్లి చెవినా పడాలి.