ఆటపాటలు తగ్గించొద్దు

సంపాదకులకు,

అంగన్‌వాడీల్లో ఆటపాటలు తగ్గించి అక్షరాలు దిద్దించాలన్న గత వారం లేఖతో ఏకీభవించలేను. మూడేళ్ల వయసులో బొమ్మ పంచుకోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, కోపమొస్తే కొట్టకుండా నోటితో చెప్పడం పెద్ద పాఠాలే. తల్లిని వదిలొచ్చి ఏడ్చే బిడ్డను పోలీసుకు పట్టిస్తామని బెదిరిస్తే ఏడుపు ఆగుతుందేమో గానీ భయం పోదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని ‘అమ్మ మీద బెంగగా ఉందా?’ అంటే మనసు కుదుటపడుతుంది. 2024లో కేంద్రం తెచ్చిన ‘ఆధార్‌శిల’ పాఠ్యప్రణాళిక కూడా మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటల ద్వారానే నేర్పమంటోంది. అయితే వంట, తూకాలు, రిజిస్టర్లు, యాప్‌లో నమోదుల మధ్య టీచరుకు, ఆయాకు అంత తీరిక చిక్కడం కష్టం. ప్రభుత్వం ఆ భారం తగ్గించాలి. తల్లిదండ్రులు ‘ఏం రాశావు?’ అనే ముందు ‘ఎవరితో ఆడావు?’ అని అడగాలి.

— ఒక అంగన్‌వాడీ టీచర్, నల్గొండ జిల్లా